అడిగింది ఎలక్ట్రాన్ సంగతి, కప్పింది శాలువా

నేను ఒక ప్రశ్న అడిగాను. జవాబు చెప్పకుండా నాకు శాలువా కప్పారు.

జరిగిన అన్యాయం ఇంతే. చెప్పుకుంటే నవ్వుతారని తెలుసు. శాలువా కప్పితే అన్యాయమెట్లా అవుతుందని బాన్సువాడలో నన్ను అడగనివాడు లేడు. కొట్టారా, తిట్టారా, మెడ పట్టి బయటికి తోశారా, పైగా పూలదండ కూడా వేశారు కదా అంటారు. వేశారు. తడి బంతిపూల దండ, నా అంగీ కాలరు పచ్చగా అయింది. కానీ నేను పోయింది దండ కోసం కాదు. దూప అయినోడు నీళ్లడిగితే బొట్టు పెట్టి సాగనంపినట్టు ఉంది నా సంగతి.

మాది బాన్సువాడే. పొలం మాత్రం నస్రుల్లాబాద్ తొవ్వలో, కాలువ కింద. బడిలో నేను చదివింది ఐదో తరగతి వరకే. మిగిలిన చదువంతా ఒడ్డు మీద చదివాను. కాలువ కింద వరి వేసేవాళ్లకు ఈ మాట విడమర్చి చెప్పనక్కరలేదు, మిగతావాళ్లకు చెబుతాను. కాలువ నీళ్లు అందరికీ ఒకేసారి రావు, వంతులుంటాయి. మన వంతు వచ్చినప్పుడు నీళ్లు తూము దాటి మన మడి నిండేదాకా మనం ఒడ్డు మీదనే ఉండాలి. లేచి ఇంటికి పోయామా, పైపొలం వాడు నాలుగు పారల మట్టి అడ్డం వేసి తన మడికి మళ్లించుకుంటాడు. చేయడానికి పని ఉండదు, కదలడానికి వీలుండదు. అట్లాంటి చోట మనిషి బీడీ అన్నా తాగుతాడు, పక్కవాడితో కయ్యమన్నా పెట్టుకుంటాడు. నేను రెండోది చేశాను, దాంతోపాటు చదివాను. నా బిడ్డ ఇంటర్ అయిపోయి పుస్తకాలు అటక మీద పడేస్తే, వాటిలో భౌతికశాస్త్రం రెండు భాగాలూ ఒడ్డు మీదికి తెచ్చుకున్నాను. ఒక వంతులో అర్థం కాని పాఠాన్ని ఇంకో వంతులో చదివాను. అప్పుడూ అర్థం కాకపోతే పంట మారాక చదివాను. ఆ పుటల మీద నా బురద వేళ్ల అచ్చులు ఇప్పటికీ ఉన్నాయి.

అడిగినదానికి జవాబు రాకపోవడం నాకు కొత్త కాదు. నా చిన్నతనంలో, మా వాడకు మొదట కరెంటు స్తంభాలు పాతిన రోజున తీగ గుంజే మనిషిని అడిగాను. ఖాకీ నిక్కరు, తలకు ఎర్ర తువాల, ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాడు. "అన్నా, తీగ నడుమ బొక్క లేదు గదా, కరెంటు ఎందులకెళ్లి పోతది?" అన్నాను. "ముట్టుకో, తెలుస్తది" అని పక్కనున్నవాళ్లతో కలిసి నవ్వాడు. అది జవాబు కాదని ఆ వయసులో కూడా నాకు తెలుసు. తర్వాత ఎన్నో ఏండ్లకు ఒడ్డు మీద కూర్చొని చదువుతుంటే, తీగ లోపల ఎలక్ట్రాన్లు ఉంటాయని, అవి కదిలితే కరెంటు అని తెలిసింది. ఆ రోజు ఆ మనిషి ఎదురుపడితే చెబుదామనుకున్నాను. అప్పటికే పోయాడన్నారు.

ఇక అసలు సంగతి. గ్రంథాలయానికి ఒక సైన్సు మాసపత్రిక వస్తుంది. అందులో మొన్నటి సంవత్సరం క్వాంటం తీగల మీద ఒక వ్యాసం వచ్చింది. మన ఇళ్లలో ఉండే తీగలు కావవి. వెంట్రుక కంటే ఎన్నో వేల రెట్లు సన్నం. అంత సన్నంగా ఉంటే ఎలక్ట్రాన్‌కు పక్కలకు జరగడానికి చోటుండదు. ఒక్క మనిషి పట్టే ఒడ్డు మీద నడిచినట్టు, ముందుకు పోవాలి, లేకపోతే వెనక్కి రావాలి. అంతవరకు నాకు బాగానే ఎక్కింది. తర్వాత ఏం రాశారంటే, అట్లాంటి రెండు తీగలను ఒకదాని పక్కన ఒకటి, తగలకుండా కానీ చాలా దగ్గరగా ఉంచితే, ఒక తీగలో బయలుదేరిన ఎలక్ట్రాన్ కొంత దూరం పోయేసరికి పక్క తీగలో ఉంటుందట. ఇంకొంత దూరం పోయేసరికి మళ్లీ మొదటి తీగలో ఉంటుందట. అట్లా ఇటు అటు మారుతూనే పోతుందట. ఎందుకో రాయలేదు. "ఇది క్వాంటం వింత" అని ముగించారు. వింత అనేది కారణం కాదు కదా!

చదివి నేను మొదట నవ్వుకున్నాను. ఇది మా కాలువ సంగతే అనుకున్నాను. ఎందుకంటే మాకు సరిగ్గా అట్లాంటి రెండు కాలువలు ఉన్నాయి.

మా పక్క పొలం ఒక ఆంధ్ర ఆయనది. వాళ్ల నాయన గుంటూరు వైపు నుంచి వచ్చి ఈ కాలువ కింద భూమి కొన్నాడు. వాళ్లుండే చోటును ఇప్పటికీ క్యాంపు అనే అంటాం. ఈయన పుట్టింది ఇక్కడే, కానీ మాట మాత్రం వాళ్లమ్మ మాటే. నన్ను బావా అంటాడు, నేనూ బావ అంటాను. ఈ వరస ఎవరు కలిపారో ఇద్దరికీ తెలియదు. మా రెండు పొలాలకు నడుమ ఒక్కటే ఒడ్డు. దానికి ఇటు నా పిల్ల కాలువ, అటు ఆయన పిల్ల కాలువ, రెండూ పక్కపక్కనే పోతాయి. నా వంతు వచ్చి నా కాలువ నిండితే, ఒడ్డు మట్టిలోంచి ఊరి ఆయన కాలువలో నీళ్లు చేరతాయి. ఆయన వంతు వస్తే అటునుంచి ఇటు. మా ఇద్దరికీ కయ్యం ఎప్పుడు వచ్చినా ఈ ఊట కాడనే వచ్చింది.

"నీ నీళ్లు మా కాలవలోకి దిగుతుంటే నన్నేం చెయ్యమంటావు బావా? నేనేమన్నా బొట్టు పెట్టి పిలిచానా?" అంటాడు.

"పిలువకుండనే వస్తున్నయా? ఒడ్డుకు రెండు తట్టల మట్టి ఎయ్యుమంటే ఎయ్యవైతివి."

"సగం ఒడ్డు నీది కాదూ? నీ సగానికి నువ్వు వెయ్యి."

అట్లాంటి మనిషికి ఎలక్ట్రాన్ సంగతి చెప్పాను. ఆయనకు సైన్సంటే పెద్దగా పట్టదు కానీ వాదమంటే ప్రాణం. వ్యాసం మొత్తం విని, పార పక్కన పెట్టి, "మొదటి సగం ఒప్పుకుంటా, రెండో సగం అబద్ధం" అన్నాడు.

"ఎట్ల అబద్ధం?"

"నీ కాలవలో నీళ్లు ఊరి మా కాలవలోకి వస్తాయి. రెండూ సమానం అయ్యేదాకా వస్తాయి. అయ్యాక ఆగుతాయి. అంతేగాని నీ కాలవ మొత్తం ఎండిపోయి మాది నిండుతుందా? నిండి మళ్లీ నీకు తిరిగొస్తుందా? అట్లా అయితే ఇన్నేళ్లు నువ్వు నాతో కొట్లాడేవాడివే కాదు."

"ఒకపారి చూద్దాం పట్టు."

ఆయన వంతు కాని రోజున, నా కాలువకు రెండు కొసలా అడ్డం కట్టి నింపాం. ఆయన కాలువకు కూడా రెండు కొసలా అడ్డం కట్టాం. రెండింటిలో కంది పుల్లలు పాతి గుర్తులు పెట్టి ఒడ్డు మీద కూర్చున్నాం. నాది దిగింది, ఆయనది ఎక్కింది. పొద్దు వాలేసరికి, భూమి తాగింది పోను, రెండూ ఒక్క మట్టానికి వచ్చాయి. ఆగాయి. నేను లేవలేదు. ఇంకా ఎక్కుతుందేమోనని చూశాను. ఎక్కలేదు.

"ఇగో, నీ పుస్తకం తప్పు బావా" అన్నాడు.

"అచ్చయింది తప్పెట్లైతది?"

"అచ్చయినవన్నీ నిజమైతే, నా పాస్‌బుక్‌లో నేను మా నాన్నకి కూతుర్ని. చూపించమంటావా?"

నేను నవ్వలేదు. నాకు నిద్ర పట్టని ప్రశ్న అక్కడ పుట్టింది. నీళ్లు సమానం కాడ ఆగుతాయి. ఎలక్ట్రాన్ ఎందుకు ఆగదు? సగం ఇటు, సగం అటు అయినప్పుడు దాన్ని అవతలికి ఇంకా తోసేదేంది? పూర్తిగా అవతలికి పోయాక ఇవతలికి మళ్లీ గుంజేదేంది? ఎవరైనా దీనికి జవాబు చెబితే చాలు. నాకు ఇంకేం వద్దు. ఈ వయసులో ఇంకేం కావాలని అడగను?

ఆ చలికాలంలోనే ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. కామారెడ్డి నుంచి ఫిజిక్సు సారు వచ్చి క్వాంటం మీద మాట్లాడతాడని గోడకు కాగితం అంటించారు. బావ మోటర్‌సైకిల్ మీద కూర్చోబెట్టుకొని తీసుకుపోయాడు. సారుకు నలభై కూడా ఉండవు. తెర మీద బొమ్మలు వేసి బాగానే చెప్పాడు. ముగించి, "డౌట్స్ ఉంటే అడగండి" అన్నాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను లేచాను.

"సారూ, నాదొక ప్రశ్న."

"అడగండి తాతా."

"రెండు క్వాంటం తీగలు పక్కపక్కన పెడితే ఎలక్ట్రాన్ ఇందులకెళ్లి అందులకు పోతది, మళ్ల ఇందులకు వస్తదని చదివిన. సగం సగం అయినప్పుడు ఎందుకు ఆగదు? నీళ్లైతే ఆగుతయి."

సారు మైకు చేతిలో పట్టుకొని నన్ను చూశాడు. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆలోచిస్తున్నాడనుకున్నాను.

"తాతా, మీ వయసెంత?" అన్నాడు.

"వయసుతోని ఏం పని సారూ?"

"చెప్పండి, పర్వాలేదు."

"డెబ్బై ఎనిమిది."

"విన్నారా స్టూడెంట్స్! డెబ్బై ఎనిమిదేళ్లు! మీరు పరీక్షకు ముందు రోజు కూడా పుస్తకం తీయరు. తాతకు గట్టిగా చప్పట్లు కొట్టండి!"

కొట్టారు. ఈలలు కూడా వేశారు. వేదిక మీదున్న ప్రిన్సిపాలు సైగ చేస్తే ఒకాయన పరుగున వచ్చి నన్ను చెయ్యి పట్టి పైకి తీసుకుపోయాడు. సారు కోసం తెచ్చిన శాలువాల్లో ఒకటి మిగిలినట్టుంది, అది నా భుజాల మీదికి వచ్చింది. సారు మెడలో దండ నా మెడలోకి వచ్చింది. "ఇటు చూడండి తాతా, కొంచెం నవ్వండి" అని ఫోటో తీశారు. నేను సారు చెవి దగ్గరికి వంగి, "మరి జవాబు?" అన్నాను. "తప్పకుండా మాట్లాడుకుందాం" అన్నాడు. భోజనాలయ్యాక చూస్తే సారు వచ్చిన కారు లేదు.

ఇంటికి పోతే మా ఇంటామె గడపలో నిలబడి శాలువాను కింది నుంచి మీది దాకా చూసింది.

"ఏం చెప్పిండు?"

"ఏం చెప్పలే."

"మరి గిదేంది?"

"గిదే చెప్పిండు."

కొస పట్టుకొని నలిపి చూసి, "బట్ట మంచిగనే ఉన్నది" అంది.

మరునాడు పేపర్లో జిల్లా పేజీలో నా ఫోటో వేశారు. "వయసు మీద పడినా తగ్గని జిజ్ఞాస" అని పేరు పెట్టారు. నా ఊరు రాశారు, నా వయసు రాశారు, నేను వ్యవసాయం చేస్తానని రాశారు, సారు ఎంత మంచిగా ఉపన్యసించాడో రాశారు. నేనేమడిగానో రాయలేదు. మొత్తం వార్తలో ఎలక్ట్రాన్ అనే మాట లేదు. చాయ్ హోటల్ కాడ నలుగురూ ఆ పేపరు చూపించి, "కాకా, పేపర్ల పడ్డవ్!" అన్నారు. ఏమడిగితివని ఒక్కడూ అడగలేదు.

పేపర్లో పడ్డందుకు గ్రంథాలయం వాళ్లు పిలిచారు. అక్కడ రిటైరైన పంతుళ్లు నలుగురైదుగురు ఉంటారు, అందులో ఒకరన్నా తెలిసినవారు ఉండకపోతారా అని పోయాను. ప్రశ్న అడిగాను. వాళ్లలో పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడిచి, "మీలాంటివాళ్లు ఈ తరానికి ఆదర్శం" అన్నాడు. రెండో శాలువా. ఇది మెరూన్ రంగు.

మా ఇంటామె దాన్ని మడిచి మొదటిదాని మీద పెడుతూ, "ఇంకో రెండు ప్రశ్నలు అడుగయ్యా, రేపు లగ్గాలల్ల పెట్టిపోతలకు అక్కరకొస్తయి" అంది.

అప్పుడు నాకు ఒక సంగతి తెలిసింది. గౌరవం చేస్తే మాట అక్కడితో తెగిపోతుంది. శాలువా కప్పించుకున్నాక, ఇంకా నిలబడి అడిగేవాడు మొరటువాడవుతాడు. మా దిక్కు పసిపిల్లలు అడిగితే ముద్దు చేస్తారు, ముసలోళ్లు అడిగితే సన్మానం చేస్తారు. నడుమ వయసులో అడుగుదామంటే పొలం పని తెమలదు. ఇక మనిషి ఎప్పుడు అడగాలి?

పత్రికకే రాద్దామనుకున్నాను. వ్యాసం వేసినవాళ్లే జవాబు చెప్పాలి కదా. ఒక పూటంతా కూర్చొని రాశాను. మొదట మర్యాదకు, మీ పత్రిక నా వంటి పెద్దలకు కూడా ఎంతో ఉపయోగపడుతున్నదని ఒక వాక్యం రాసి, ఆ తర్వాత కాలువల సంగతి, పుల్లలు పాతిన సంగతి, ప్రశ్న అంతా వివరంగా రాశాను. రెండు సంచికల తర్వాత పాఠకుల పేజీలో అచ్చయింది. ఏం అచ్చయింది? మర్యాదకు రాసిన ఆ ఒక్క వాక్యం. మిగతాదంతా కోసేశారు. గ్రంథాలయంలో ఆ పేజీ పట్టుకొని నేను పెద్దగా ఏమన్నానో ఇక్కడ రాయను. పేపరు చదువుకునే ఇద్దరు లేచి బయటికి పోయారు.

బస్సెక్కి కామారెడ్డి పోయాను. సారు పనిచేసే కాలేజి వెతుక్కొని స్టాఫ్ రూముకు పోతే, సారు లేచి నిలబడ్డాడు, కుర్చీ వేశాడు, చాయ్ తెప్పించాడు. మర్యాదకు ఏ లోటూ లేదు.

"పెద్దాయనా, అది మా సిలబస్‌ల లేదు" అన్నాడు.

"నాకు సిలబస్ లేదు సారూ. నేను పరీక్ష రాస్త లేను."

"అది కాదు. దాని వెనుక చాలా లెక్కలుంటయి. ఆ లెక్కలు లేకుండ చెప్తే తప్పుగా అర్థమైతది."

"మా పొలం కాడ చూసిన సారూ, రెండు కాలువలు..." అని మొదలుపెట్టి ఒడ్డు సంగతి, ఊట సంగతి, రెండూ ఒక్క మట్టానికి వచ్చి ఆగిన సంగతి మొత్తం చెప్పాను. అంతా విన్నాడు. మధ్యలో ఒకసారి ఏదో అనబోయి ఆగాడు కూడా. ఇంతలో గంట కొట్టారు. "క్లాసున్నది, ఏమనుకోకండి" అని పుస్తకం తీసుకొని పోయాడు. పోతూ పోతూ నా పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నాడు.

తిరుగు బస్సులో కూర్చున్నాక నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చింది, దుఃఖంతో కాదు. రేపో మాపో పోయేవాణ్ణి. ఇంత చిన్న సంగతి, ఎవరో ఒకరికి తెలిసిన సంగతి, తెలియకుండానే పోవాలా? తెలిసినోడు చెప్పడు, తెలియనోడు తెలియదనడు. ఇద్దరూ చేతులు జోడిస్తారు.

మూడోసారి ఎండాకాలం మొదట్లో. రైతుల సంఘం ఒకటి ఫంక్షన్ హాల్లో పెద్దమనుషులకు సన్మానం పెట్టుకుంది. జుక్కల్ నుంచి, పెద్ద కొడప్‌గల్ నుంచి, అన్ని దిక్కుల నుంచి ముసలి రైతుల్ని పిలిచారు. నా పేరు కూడా చేర్చారు. పోనన్నాను. బావ, "ముఖ్య అతిథి ఎవరనుకున్నావు? నీ కామారెడ్డి సారే" అన్నాడు. పోయాను.

వరసగా పిలిచి కప్పుతున్నారు. నా ముందరాయన జుక్కల్ అవతలి ఊరి మనిషి, సగం మరాఠీలో దండం పెట్టి దిగిపోయాడు. నన్ను పిలిచారు. సారు శాలువా విప్పి నా మీదికి తెచ్చాడు. నేను రెండు చేతులతో ఆపాను.

"నాకొద్దు సారూ. జవాబు చెప్పు."

మైకు దగ్గరగా ఉంది, హాలంతా వినబడింది. సారు మెల్లగా, "తాతా, ఇది సందర్భం కాదు" అన్నాడు.

"కాలేజిల సందర్భం కాదు, మీ రూముల సందర్భం కాదు, ఇక్కడ కూడ కాదు. మరి యాడ సందర్భం? స్మశానంలనా?"

ఎవరో నవ్వారు. సారు మొహం ఎర్రబడింది. "సరే, చెప్తే మీకు అర్థమైతదా?" అన్నాడు.

"అర్థం కాకపోతే నా ఖర్మ. చెప్పకపోతే నీ తప్పు."

నిర్వాహకులు ఇద్దరు వచ్చి నన్ను కిందికి దించారు. శాలువాను నా తర్వాతి ఆయనకు కప్పారు. దిగుతుంటే వెనకనుంచి ఒకడు, "ముసలోనికి పేపర్ల పడ్డకాడికెళ్లి పొగరెక్కింది" అన్నాడు. ఇంకొకడు, "ఎండకు తిరిగి తిరిగి గట్లైతుండు పాపం" అన్నాడు. పొగరన్నవాడి మాట నాకు మేలనిపించింది. ఆ పాపం అన్నవాడి మాట ఇప్పటికీ కలుక్కుమంటుంది.

బావ మోటర్‌సైకిల్ తీస్తూ నా మొహం చూడలేదు. దారిలో, "మనూరికి వచ్చిన మనిషిని అట్లా అంటారా బావా? కొంచెం మంచిగా అడిగితే పోయేది కదా" అన్నాడు.

"రెండు తాపల మంచిగనే అడిగిన."

"అయినా సరే. ఇప్పుడు నీకు ఎవరు చెబుతారు? ఉన్న ఒక్క దారీ మూసుకున్నావ్."

నాకు ఉన్నది అదే భయం.

ఇంట్లో కూడా అదే. మా ఇంటామె రొట్టె పెడుతూ, "శాలువా వద్దన్నవంట" అంది. ఔనన్నాను. "రంగేంది?" అంది. ఆకుపచ్చ అన్నాను. "మంచిది తీస్కోక పోతివి" అని లోపలికి పోయింది. తర్వాత తనే వచ్చి పక్కన కూర్చొని, "ఇంతకు ఆ ఎలక్ట్రాన్ ఆగకపోతే నీకేంది, ఆగితే నీకేంది?" అంది. వెక్కిరింపు లేదు ఆ మాటలో, నిజంగానే అడిగింది. ఆ మొత్తం సంవత్సరంలో నన్ను ఎవరైనా అడిగిన మొదటి ప్రశ్న అది, వయసు తప్ప. చెప్పడానికి చూశాను. కళ్ల ముందు రెండు కాలువలూ ఒక్క మట్టం కాడ ఆగిపోయినప్పుడు నేను చదివిందంతా అబద్ధమేమో అనిపించిందని, ఒడ్డు మీద కూర్చొని చదివిన ఇన్నేండ్ల చదువు ఆ పుల్ల కాడ తేలిపోయిందని, ఏదో ఒకటి తేలకపోతే ఇక పుస్తకం ముట్టబుద్ధి కావడం లేదని చెప్పాను. ఆమె విని, "గట్లనా" అంది. అంతే. కానీ ఆ తర్వాత శాలువాల మాట ఎత్తలేదు.

నిజంగానే పుస్తకం ముట్టలేదు. వంతు వచ్చినప్పుడు ఒట్టి చేతులతో ఒడ్డు మీద కూర్చున్నాను. నీళ్లను చూస్తే కూడా చిరాకే. ఇవతలిది దిగుతుంది, అవతలిది ఎక్కుతుంది, ఆగుతుంది. బావ ఆయన పనిలో ఆయన ఉన్నాడు. మాటలు తక్కువైనాయి. నేను సారును అన్న మాట ఆయనకు ఇంకా మింగుడు పడలేదు.

వానాకాలం నాట్లయ్యాక ఒక పగటిపూట బావ పార భుజం మీద వేసుకొని, ఫోను చేతిలో పట్టుకొని గబగబా నడుచుకుంటూ వచ్చాడు. నాకున్నది బటన్ల ఫోను, సారు కాడ బావ నంబరే ఉంది, మొదటి రోజు కాలేజిలో బావే సారుకు ఇచ్చాడు.

"నీ సారు ఏదో రికార్డు చేసి పంపాడు. నేనింకా వినలేదు, తిట్లేమోనని భయమేసి" అన్నాడు.

"పెట్టు. తిట్లైతే ఇద్దరం విందాం."

ఒడ్డు మీద కూర్చున్నాం. ఫోను సౌండు పెంచి ఇద్దరి నడుమ పెట్టాడు. సారు గొంతే. మొత్తం ఆపకుండా విన్నాం. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

"నమస్తే పెద్దాయనా. ఫోన్‌ల మాట్లాడితే మీరు నడుమ నడుమ అడుగుతరు, నేను తొవ్వ తప్పుత, అందుకే రికార్డు చేస్తున్న. ఆ రోజు అందరి ముందట మీరన్న మాటకు నాకు కోపమొచ్చింది, ఇంకా పోలే. అది పక్కకు పెడుత. మీ కాలువల సంగతి విన్నప్పుడే ఏదో తేడా కొట్టింది గని, అది చెప్పేటంత తెలివిడి నాకప్పుడు లేకుండె. చదివి, మా దగ్గర చదువుకొని పైకి పోయిన ఒకామెను అడిగి చెప్తున్న. ఒడ్డు మట్టిలకెళ్లి ఊరే నీళ్లకు పరుగు ఉండదు, మట్టి తినేస్తది. అందుకే సమానం కాడ ఆగుతయి. ఆ సన్న తీగలను బాగ చల్లగ ఉంచితే, ఎలక్ట్రాన్ ఊపును తినేది దాదాపు ఏదీ ఉండదు. ఉయ్యాల నట్టనడుమకు వచ్చినప్పుడు ఆగుతదా? అక్కడనే దాని జోరు ఎక్కువ. సగం ఇటు సగం అటు అంటే ఎలక్ట్రాన్‌కు అది ఉయ్యాల నట్టనడుమ. అందుకే అవతలి కొస దాకా పోతది, మళ్ల తిరిగొస్తది. సగం అంటే ఎలక్ట్రాన్ రెండు ముక్కలైందనుకోకుండ్రి. వెతికితే ఈ తీగల దొరికేటందుకు ఎంత అవకాశమో ఆ తీగల అంతే అని అర్థం. ఇంకోటి, రెండు తీగలు అచ్చం ఒక్క తీరుగ ఉంటేనే పూర్తిగ దాటుతది, తేడా ఉంటే కొంచెమే దాటి మళ్లుతది. వేడి ఎక్కువైతే ఊపు చెదిరి, చివరికి మీ కాలువ తీరుగనే సగం సగం కాడ నిలబడుతది. కాబట్టి మీరు చూసింది అబద్ధం కాదు, మీరు చదివింది కూడ అబద్ధం కాదు. ఊటతోని పోల్చుడు తప్పు. నీళ్లతోనే చూడాలంటే నడుమ ఒడ్డుకు ఒక్కసారిగ పెద్ద గండి పడాలె, అప్పుడు నీళ్లు సమానం దాటి అవతల ఎక్కువ ఎక్కి, మళ్ల వెనక్కొచ్చి, కొన్నిసార్లు ఊగి ఆగుతయి. ఆ పని మీ పక్క పొలమాయన ఒప్పుకుంటేనే చెయ్యుండ్రి, నా పేరు చెప్పకుండ్రి. ఇగ తీగ నిండ ఎలక్ట్రాన్లు ఉండి ఒకదాన్నొకటి నెట్టుకుంట పోయేటప్పుడు ఏమైతదంటే, అది వేరే లెక్క. అది నాకు తెల్వదు. ఆమెను అడిగిన, ఆమె కూడ ఇంకా చదువుతున్ననన్నది. తెలిస్తే చెప్త."